గ్రంథాలయమును పోషింపవలసినదెవరు?

ఒక దేశపు గ్రంథాలయ వ్యవస్థను తెలిసికొనగోరువారు సాధారణముగా భవనముల వైభవమును, పుస్తకముల సంఖ్యను, వర్గీకరణ పద్ధతిని పరిశీలించి తృప్తిపడుదురు. అవి చూడదగినవే. కాని వాని కన్నిటికిని వెనుక వేరొక ప్రశ్న కలదు: ఈ పుస్తకమును ఎవరి ధనముతో కొనిరి, రేపు కొనుట మానినచో పాఠకుడు ఎవరిని నిలదీయగలడు? ఈ ప్రశ్నను గురించి నా యెదుట ఇద్దరి నడుమ జరిగిన వాదమును వీలైనంతవరకు వారి మాటలలోనే పొందుపరచుచున్నాను. మేనమామ ఒక పల్లెటూరి గ్రంథాలయమునకు చిరకాలము గౌరవ కార్యదర్శిగా నుండిన వృద్ధుడు. మేనకోడలు ఇంగ్లండులో ఒక పట్టణ గ్రంథాలయమున ఉద్యోగము చేయుచు సెలవుపై స్వగ్రామమునకు వచ్చినది. ఇరువురును పుస్తకమును ప్రాణముగా నెంచినవారే. వాదము గట్టిగా జరుగుటకు అదియే కారణము.

మేనమామ: అమ్మాయీ, నీవు పనిచేయు దేశమున గ్రంథాలయము చట్టము కడుపున పుట్టినదని గొప్పగా చెప్పుచుంటివి. మన యొద్ద అట్లు జరుగలేదు. 1914లో బెజవాడయందు చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై తమకొక సంఘమును స్థాపించుకొన్ననాడు వారిని ఏ చట్టము పిలిచినది? ఊరూర తిరిగి గ్రంథాలయములు పెట్టించిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి ఏ ప్రభుత్వము జీతమిచ్చినది? హైదరాబాదున తెలుగు భాషకు రాజాదరణ కొరవడిన కాలమున, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టినది. దాని భవనమునకు గాంధీజీ 1929లో శంకుస్థాపన చేసెను. ఆ గ్రంథాలయము నేటికిని పాత పత్రికల సంపుటములతో పరిశోధకులను రప్పించుకొనుచున్నది. మా ఊరి గ్రంథాలయమునకు మూలధనమనగా కళ్లముల కాలమున రైతులు కుంచములతో కొలిచి యిచ్చిన ధాన్యమే. జనము తమ చేతులతో నిలబెట్టుకొన్నది జనమునదే యగును. సర్కారు కట్టించి యిచ్చినది సర్కారునదే యగును.

మేనకోడలు: ఆ మహనీయుల శ్రమను తక్కువచేయు సాహసము నాకు లేదు మామయ్యా. అయితే ఇంగ్లండు చట్టము కథ మీరు తలచినంత సులభమైనది కాదు. 1850లో విలియం యూవర్ట్ అను పార్లమెంటు సభ్యుడు పట్టుపట్టి సాధించిన చట్టము, పదివేలకు మించిన జనాభా గల పట్టణములు, పన్ను చెల్లించువారిలో మూడింట రెండు వంతులవారు సమ్మతించిన పక్షమున, పౌనుకు అర పెన్నీ మించకుండ గ్రంథాలయ పన్ను వేసికొనవచ్చునని మాత్రమే చెప్పినది. అందులోను ఒక విశేషమున్నది. ఆ సొమ్ముతో భవనము కట్టవచ్చును, దీపములు పెట్టవచ్చును, సిబ్బందికి జీతము లీయవచ్చును. పుస్తకము మాత్రము కొనరాదు! పుస్తకములను దాతలు సమర్పింతురని నాటి శాసనకర్తల నమ్మకము. అయిదేండ్లు తిరుగకముందే, 1855లో, ఆ నమ్మకమును విడిచి, పన్నును ఒక పెన్నీకి పెంచి, ఆ ధనముతో పుస్తకములు కొనుటకు అనుమతించిరి. దాత యిచ్చు పుస్తకము ఆయన యింట మిగిలినది. పాఠకుడు కోరు పుస్తకము అంగడిలో కొనవలసినది. మీ గ్రంథాలయమునకు వచ్చిన దానపు పుస్తకములలో ఎన్నింటిని ఎవరైన తెరచి చూచిరో మీకు తెలియనిదా?

మేనమామ: తెలియును. ఒకే పురాణమునకు ఎనిమిది ప్రతులును, లెక్కల పుస్తకమునకు ఒక్క ప్రతియు లేని బీరువాను నేను కండ్లార చూచితిని. అయినను దాతను అంత తేలికగా త్రోసివేయకుము. కార్నెగీ మాట యేమందువు? ఒక్క మనుష్యుని ధనముతో ప్రపంచమున 2,509 గ్రంథాలయ భవనములు లేచినవి; వానిలో 1,689 అమెరికాలోనివే. ఏ శాసనసభ ఇంత పని చేసినది?

మేనకోడలు: కార్నెగీ నా పక్షపు సాక్షి మామయ్యా. ఆయన డబ్బు ఊరక ఈయలేదు. స్థలము ఊరివారే చూపవలెను. భవనమునకు ఇచ్చిన మొత్తములో పదవ వంతును ఏటేట ప్రజాధనమునుండి ఖర్చు చేయుదుమని పట్టణ సభ ముందుగా తీర్మానము చేయవలెను. పదివేల డాలర్ల భవనమును కోరిన ఊరు ప్రతి సంవత్సరము వేయి డాలర్లు కేటాయింపవలసినదే. ఆ షరతునకు ఒప్పుకొనక భవనమునే వదలుకొన్న ఊళ్లు కూడ ఉన్నవి. దానము తలుపు తెరచును గాని దీపములో నూనె పోయుచుండునది పన్నే యని ఆ మహాదాతయే గ్రహించెను.

మేనమామ: మంచిది. అయితే నూనె పోయువాడు ఏ పుస్తకముపై వెలుగు పడవలెనో కూడ తానే నిర్ణయింపడా? 1913లో లెనిన్ న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ నివేదికను ముందు పెట్టుకొని, గ్రంథాలయపు గొప్పతనము అరుదైన ప్రతులను దాచుటలో లేదనియు, పుస్తకము జనసామాన్యమున ఎంతగా తిరుగునో దానియందే యున్నదనియు వ్రాసెను. చక్కని మాట. ఆయన పార్టీ అధికారమునకు వచ్చిన పిమ్మట దేశమంతట గ్రంథాలయములు వ్యాపించిన మాటయు నిజమే. కాని 1920 దశకమున, ఆయన ధర్మపత్ని క్రుప్స్కాయ ఆధ్వర్యముననే, జనము చదువరాని పుస్తకముల జాబితాలు బయలుదేరి, ఆ పుస్తకములు బీరువాలనుండి తొలగింపబడెను. సోవియట్టుల మాట యటుంచుము. నీవు మెచ్చు అమెరికాలోనే, వర్జీనియా రాష్ట్రపు అలెగ్జాండ్రియా పట్టణమున, నల్లవారు కూడ పన్ను కట్టుచున్న గ్రంథాలయములోనికి నల్లవారిని రానీయలేదు గదా!

మేనకోడలు: రానీయలేదు. 1939 ఆగస్టు 21వ తేదీన అయిదుగురు నల్లజాతి యువకులు ఒకరి వెనుక ఒకరుగా లోనికి పోయి, సభ్యత్వపు కార్డు కావలెనని మర్యాదగా అడిగి, లేదనిపించుకొని, తలయొక పుస్తకము తీసికొని వేర్వేరు బల్లల యొద్ద కూర్చుండి నిశ్శబ్దముగా చదువసాగిరి. పోలీసులు వచ్చి వారిని తీసికొనిపోయిరి. ఆ కార్యమును నడిపించినవాడు శామ్యూల్ టకర్ అను యువ న్యాయవాది. మరుసటి సంవత్సరము పట్టణమువారు నల్లవారికి వేరుగా ఒక చిన్న గ్రంథాలయము కట్టించి, దానికి కార్డు ఇచ్చెదమన్నప్పుడు, ఆయన ఆ కార్డును నిరాకరించెను. ఆ యువకులకు ఆ బల్ల యొద్ద కూర్చుండు ధైర్యము ఎక్కడిది? అది తమ పన్నుతో నడుచు గ్రంథాలయమగుటచేతనే గదా! ఒక ధనికుని సొంత గ్రంథాలయమైనచో, నా యిల్లు, నా యిష్టమని ఆయన తలుపు మూసికొనును. అడుగుటకు ఎవరికి హక్కు? మామయ్యా, కళ్లముల ధాన్యముతో నడచిన మన గ్రంథాలయములలో పఠనమందిరపు మెట్లు ఎక్కలేక దూరముగా నిలిచినవారు లేకుండిరా?

మేనమామ: ఉండిరి. ఆ మాట కాదనను. ధాన్యము కొలిచినది మాత్రము వారి చేతులే.

(ఇచ్చట ఇరువురును కొంతతడవు మౌనముగా నుండిరి. ఈ సంవాదములో ఇంతకు మించిన వాక్యము వేరొకటి లేదని నా అభిప్రాయము.)

మేనమామ: సరే, హక్కు మాట యెత్తితివి. నీ ఇంగ్లండులో 1964 నాటి చట్టము, సమగ్రమును సమర్థమును అగు గ్రంథాలయ సేవను సమకూర్చుట స్థానిక సంస్థల విధి యని శాసించినది గదా. అట్టి విధి యుండగనే, 2010 తరువాత వందలకొలది గ్రంథాలయములు మూతబడినవేమి? మూతబడవలసినవానిలో కొన్నింటిని నిలిపినది చట్టమా, జీతము లేక పనిచేయుటకు ముందుకు వచ్చిన ఊరిజనమా?

మేనకోడలు: ఆ గాయము నాకును తగిలినదే. నిధులు తగ్గినప్పుడు మొదట కోత పడునది గ్రంథాలయమునకే. ఆకలిగొన్న పాఠకుడు ఆసుపత్రిలోని రోగివలె కేకవేయడు. అయినను చట్టము పూర్తిగా నిరర్థకము కాలేదు. గ్లౌస్టర్‌షైర్, సోమర్సెట్ కౌంటీలు గ్రంథాలయములను మూయ నిశ్చయించినప్పుడు పాఠకులు హైకోర్టుకు పోయిరి. వృద్ధులు, వికలాంగులు మొదలగువారికి కలుగు నష్టమును సరిగా విచారింపకయే నిర్ణయము చేసితిరని 2011లో న్యాయస్థానము ఆ నిర్ణయములను కొట్టివేసెను. తీర్పునకు ఆధారమైనది సమానత్వమునకు సంబంధించిన శాసనమే గాని గ్రంథాలయ చట్టము కాదని ఒప్పుకొందును. కాని పాఠకుడు వాదియై నిలువగలిగినాడు, అది చాలును. ఊరిజనము నడుపు గ్రంథాలయములు కూడ నేను చూచితిని. ఉత్సాహము కొదువలేదు. అయితే కొత్త పుస్తకము రాలేదని అడిగినచో ఏమందురు? దయతో పనిచేయువారిని కోపముతో అడుగుట యెట్లు?

మేనమామ: అడుగుట, అడుగుట యనుచున్నావు. అడుగుటకు ముందు పాఠకుడనువాడొకడు ఉండవలెను గదా! వానిని పుట్టించునది జీతమా? 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ గ్రంథాలయమును పడవపై నడిపించిరి. ఆ రోజులలో మనుష్యులును ధాన్యమును కాలువల మీదనే పయనించుచుండెడివారు. పడవలో కూర్చున్నవాడు రేవు వచ్చువరకు చేయునది లేక కాలువ గట్టును చూచుచుండును. వాని చేతికి పుస్తకము అందినది. పుస్తకము పాఠకుని వెదకుకొనుచు పోవలెనను ఈ బుద్ధి ఏ శాసనములోని ఏ సెక్షనున వ్రాసియున్నది?

మేనకోడలు: ఏ సెక్షనులోను లేదు. ఆ పడవను తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు పొంగును. దానికి జపానులో ఒక తోబుట్టువు కలదు. ఆమె కథ వినుడు. 1950లో జపానువారు గ్రంథాలయ చట్టము చేసికొని, దాని పదునేడవ సెక్షనున, ప్రజా గ్రంథాలయము ప్రవేశమునకు గాని పుస్తకములు వాడుకొన్నందులకు గాని ఎట్టి రుసుమును తీసికొనరాదని నిషేధించిరి. అంతకుముందు టిక్కెట్టు కొని లోనికి పోవు గ్రంథాలయములుండెడివి. కాని చట్టము వచ్చిన పదునైదేండ్లకు కూడ అక్కడి గ్రంథాలయములు పరీక్షలకు చదువుకొను విద్యార్థులతో నిండియుండెను. వారు తమ పుస్తకములు తామే తెచ్చుకొని, కుర్చీ కొరకు బారులు తీరి, సాయంకాలము వరకు కూర్చుండి పోవువారు. గ్రంథాలయపు బీరువాల వైపు కన్నెత్తి చూచువారు కొందరే.

మేనమామ: అది మన జిల్లా గ్రంథాలయముల చిత్రమువలెనే యున్నది!

మేనకోడలు: అందుచేతనే చెప్పుచున్నాను. టోక్యో సమీపమున హినో అను పట్టణము కలదు. 1965లో అక్కడి పురపాలక సంఘము గ్రంథాలయమును స్థాపించినప్పుడు, దానికి అధిపతియైన మాయెకావా త్సునెయో భవనమును కోరలేదు. ఒక్క మోటారు బండిని కోరెను. పొద్దుతిరుగుడు పువ్వు అను అర్థము వచ్చునట్లు దానికి ‘హిమావారి’ యని పేరు పెట్టిరి. భవనము లేదు, కుర్చీ లేదు, చదువుకొను గది లేదు. కావున పరీక్షల విద్యార్థికి అక్కడ చోటు లేదు, పుస్తకము ఇంటికి తీసికొనిపోవు గృహిణికిని పిల్లలకును మాత్రమే చోటు. బండి వంతులవారీగా వీధి వీధికి పోయి నిలిచెడిది. బండిలో లేని పుస్తకమును పాఠకుడు కోరినచో చీటీ వ్రాసికొని, కొనియో యెరువు తెచ్చియో తరువాతి రాకలో చేతికిచ్చెడివారు. అడిగినది దొరకునను నమ్మకము కుదిరినప్పుడు అడుగువారు పెరిగిరి. అడుగువారు పెరిగినప్పుడు పురపాలక సంఘము పుస్తకములకు కేటాయింపు పెంచక తప్పలేదు. శాఖలు వెలసినవి, కేంద్ర భవనము మాత్రము 1973లో గాని రాలేదు. ఆ బండి చూపిన త్రోవనే జపాను దేశమున తక్కిన పట్టణములు నడచినవి. మామయ్యా, కాలువపై పడవ నడిపినవారిని, వీధిలో బండి నడిపినవారిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. బుద్ధి యొక్కటే, తపన యొక్కటే. పడవ నేడు లేదు. బండికి వెనుక పట్టణపు బడ్జెట్టు ఉండినది.

మేనమామ: నీవు చెప్పినది కాదనలేను గాని ఒక్క మాట. పరీక్షలకు చదువుకొను పిల్లలను అంత చులకనగా చూడకుము. ఒక్క గది యింటిలో ఆరుగురు కాపురముండు కుటుంబమునుండి వచ్చి, మా పఠనమందిరములో ఫ్యాను క్రింద కూర్చుండి చదివి, గ్రూపు పరీక్షలో నెగ్గి వచ్చి నా కాళ్లకు మ్రొక్కిన కుర్రవాండ్లు ఉన్నారు. వారికి కుర్చీయే సరస్వతి.

మేనకోడలు: ఆ కుర్చీ ఉండవలసినదే, కుర్చీ మాత్రమే ఉండుట నాకు బాధ. ఆ కుర్రవానికి తాళము వేసిన బీరువాలోని పుస్తకమును ఎవరైన చేతికిచ్చితిరా? పుస్తకము పోయినచో దాని వెలను గ్రంథపాలకుని నెత్తిన రుద్దు ఆచారము మన దేశమున చిరకాలము నడచినది. అట్టివాడు బీరువాకు తాళము వేయక ఏమి చేయును? గ్రంథాలయ శాస్త్రజ్ఞులైన రంగనాథన్ గారు 1924లో ఇంగ్లండునకు పోయి, అక్కడి పట్టణ గ్రంథాలయములలో సామాన్యులు తామే అలమరల నడుమ తిరుగుచు పుస్తకములను ఎన్నుకొనుట చూచి వచ్చి, పుస్తకములు ఉన్నవి వాడుకొనుటకే యని 1931లో తమ పంచసూత్రములలో మొదటి సూత్రముగా నిలిపిరి. 1948లో స్వతంత్ర భారతమున మొదటి గ్రంథాలయ చట్టము మద్రాసు రాష్ట్రమున వచ్చుటకు ఆయన కృషియే ముఖ్యము. నాటి ఆంధ్ర జిల్లాలకును అది వర్తించినది.

మేనమామ: తక్కిన దేశముల సంగతి కూడ చెప్పుము. అందరును నీవు చెప్పిన త్రోవనే నడచుచున్నారా?

మేనకోడలు: లేదు. జర్మనీలో చాల పట్టణములు పెద్దవారి నుండి సంవత్సరపు చందా తీసికొనును. నెదర్లాండ్సులో పదునెనిమిదేండ్ల లోపువారికి ఉచితము, పెద్దలకు చందా. ఫిన్లాండులో ఎరువు తీసికొనుట ఉచితమని చట్టమే చెప్పుచున్నది. స్వాతంత్ర్యము వచ్చి నూరేండ్లు నిండిన సందర్భమున వారు 2018లో హెల్సింకీయందు పార్లమెంటు భవనమునకు ఎదురుగా తెరచినది ఒక గ్రంథాలయమును. డెన్మార్కున మారుమూల పల్లెలోని పాఠకుడు దేశములోని మరొక గ్రంథాలయమునందున్న పుస్తకమును కోరి, తన ఊరి గ్రంథాలయమునకే తెప్పించుకొనవచ్చును. అంతే కాదు, పుస్తకము ఉచితముగా చేతులు మారుచున్నప్పుడు రచయిత నష్టపోరాదని, గ్రంథాలయములలోని పుస్తకములకు ప్రభుత్వమే రచయితలకు ప్రతిఫలమిచ్చు పద్ధతిని ఆ దేశము 1946లో ప్రపంచమున మొదట ప్రవేశపెట్టినది. నార్వే మరుసటి సంవత్సరమే అనుసరించినది. ఇంగ్లండు అట్టి చట్టము చేసికొనుటకు 1979 వరకు పట్టినది.

మేనమామ: తెలుగు రచయిత ఈ మాట విన్నచో నిట్టూర్చును. మన పుస్తకమును మనము దాచుకొనుటయే లేదు. కొన్ని పాత తెలుగు పుస్తకముల కొరకు ఇక్కడ వెదకి వెదకి విసిగిన పరిశోధకులు, అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నవని విని ఆశ్చర్యపడుట నేనెరుగుదును.

మేనకోడలు: అదియు ఒక చట్టము ఫలమే. మనము అమెరికా గోధుమలకు రూపాయలలో చెల్లించిన మూల్యములో కొంత భాగముతో, పి.ఎల్. 480 క్రింద, 1962 నుండి ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయము భారతీయ భాషలన్నింటి పుస్తకములను కొని అక్కడి విశ్వవిద్యాలయములకు పంపినది. వానిలో తెలుగును ఉన్నది. మన 1954 నాటి చట్టము ప్రకారము ప్రచురణకర్త ప్రతి పుస్తకమును నాలుగు గ్రంథాలయములకు పంపవలెను: కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ. ఆ నాలుగింటిలో ఒక్కటియు తెలుగు గడ్డపై లేదు.

మేనమామ: చట్టము చట్టమనుచున్నావు, ఇప్పుడు నేనొకటి అడుగుదును. 1960 నాటి గ్రంథాలయ చట్టము మనకు లేకపోలేదు. జిల్లా జిల్లాకు గ్రంథాలయ సంస్థ ఉన్నది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను నీ చేతను నా చేతను వసూలు చేయుచున్నారు. ఇంగ్లండువారి అర పెన్నీతో పోల్చినచో ఇది చిన్న మొత్తము కాదు. మరి కొత్త పుస్తకములేవి? సిబ్బంది యేరి? వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమచేయక బకాయి పెట్టుచున్నవని ఏటేట పత్రికలలో చదువుచునే యున్నాము. నీ సిద్ధాంతము ప్రకారము పన్ను కట్టినవానికి నిలదీయు హక్కున్నది. ఎవడు నిలదీసినాడు?

మేనకోడలు: మీరు నిలదీసితిరా మామయ్యా?

మేనమామ: కుంచెడు ధాన్యము ఇచ్చిన రైతు మరునాడు వచ్చి, నా ధాన్యముతో ఏ పుస్తకము కొంటివని నన్ను అడిగెడివాడు. ఆయనకు నేను లెక్క చూపించెడివాడను. పన్ను ఇంటి పన్నులో కలిసిపోవుటచేత అది తన గ్రంథాలయ ధనమని పన్ను కట్టువానికే తెలియలేదు. నీ చట్టము డబ్బును తెచ్చినది గాని ఆ రైతును పోగొట్టినది. ఇది నా మొదటి అభియోగము, కడపటి అభియోగమును ఇదియే.

మేనకోడలు: ఆ రైతు పోయినది చట్టమువలన కాదు, ఆ పన్ను సంగతి ఎవరును ఆయనకు చెప్పకపోవుటవలన. చెప్పవలసిన పని మీవంటి కార్యదర్శులది, నావంటి గ్రంథపాలకులది. నేను తిరిగి పోవులోపల ఈ ఊరి పంచాయతీ జమలెక్కలు అడుగుదము, రండి.

మేనమామ నవ్వి, కండ్లజోడు తీసి తుడుచుకొని, దరఖాస్తు తానే వ్రాసెదననెను. ఉద్యమమే గొప్పదను తన మాటను ఆయన విడువలేదు. చట్టమే శరణ్యమను తన మాటను ఆమెయు విడువలేదు. నా మట్టుకు నేను మేనకోడలి పక్షమునకే మ్రొగ్గుచున్నాను. పన్ను లేని గ్రంథాలయము ఒక మంచి మనుష్యుని ఆయుర్దాయముతో ముడిపడియుండునని మన పల్లెల పాడుపడిన పఠనమందిరములే చెప్పుచున్నవి. కాని ‘ఎవడు నిలదీసినాడు?’ అని మేనమామ వేసిన ప్రశ్నకు మాత్రము నా యొద్ద సమాధానము లేదు. అది మన యందరి యొద్దను ఉండవలసినది.

పాఠకులు తమ ఇంటి పన్ను రసీదును ఒక్కసారి తీసి చూడవలెనని నా ప్రార్థన. అందు గ్రంథాలయ పన్ను పేర ఎంత చెల్లించితిరో గుర్తింపుడు. గత సంవత్సరము మీ పురపాలక సంఘము గాని పంచాయతీ గాని ఆ పద్దు క్రింద ఎంత వసూలు చేసినదో, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేసినదో, ఎంత బకాయి యున్నదో సమాచార హక్కు చట్టము క్రింద వ్రాతమూలకముగా అడుగుడు.